ఎర్ర పెట్టె

కందుకూరులో, పామూరు రోడ్డు మీద
నా కొట్టు వెడల్పు ఏడడుగులు.
ఒక జెరాక్సు మిషను, ఒక లామినేషను పెట్టె,
ఎవరో ఆడిటరు వదిలించుకున్న పాత కంప్యూటరు.
రెండు పేజీలు ఒకేసారి తెరిస్తే
రోహిణి కార్తె కుక్కలా రొప్పుతుంది.

అందుకే ఆ చిన్న పనిముట్టు దించుకున్నాను.
పెళ్లి ఫోటో అంత బరువైనా లేదు.
కింద మూలన, గడియారం పక్కన
ఆవగింజలా కూర్చుంటుంది,
పిలిస్తే తప్ప పలకదు.
మీట నొక్కుతానా,
తెరంతా మబ్బు కమ్ముతుంది.
ఈ మూల నుంచి ఆ మూలకి లాగితే
లాగినంత మేర తెల్లారుతుంది.
ఆ తెల్లారిన ముక్క నాది.

మాలకొండయ్య మొదటిసారి వచ్చింది
పొగాకు రెలుపుల రోజుల్లో.
చేతుల జిగురు ఇంకా వదల్లేదు,
మౌసు ముట్టుకోబోయి వెనక్కి తీసుకున్నాడు.
"ఎకరా ఎనభై నాలుగు సెంట్లమ్మా మాది.
దీంట్లో ఎంతుందో చూడు."
దీంట్లో ఎకరా నలభై ఎనిమిది.
రెండంకెలు ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నందుకు
ముప్పై ఆరు సెంట్ల చేను
గట్టుతో సహా లేచిపోయింది.

నొక్కాను. మసక. లాగాను.
తప్పు చుట్టూ ఎర్ర పెట్టె గీశాను,
దాని మీదికో బాణం.
ఆధార్ నంబరు మీద మాత్రం
వానకి తడిసిన సిరాలాగా అలికేశాను.
"అదెందుకు మూశావు?"
"ఎవరన్నా వాడుకుంటారు పెదనాయనా."
"వాడుకోనీ. నా అప్పులు గూడా వాడే కట్టుకుంటాడు"
అని నవ్వాడు.

జిల్లా మారిన సంవత్సరం అది.
ఒంగోలు పోతే, మీది ఇప్పుడు నెల్లూరు గదా అన్నారు.
నెల్లూరు పోతే, ఫైలు ఇంకా ఒంగోల్లోనే ఉందన్నారు.
మధ్యలో సర్వరు.
"మాలకొండ సామే నయం,
శనివారం శనివారమన్నా తలుపు తీస్తాడు."

వచ్చినప్పుడల్లా కొత్త బొమ్మ తీశాను.
"ఈసారి బాణం లావుగా ఎయ్యమ్మా,
కొత్త సారుకి కళ్లజోడుంది."
లావుగా వేశాను.
తర్వాతి సారుకి రెండు బాణాలు.
ఆ తర్వాతాయనకి పక్కనే పసుపు పచ్చని గడిలో
"అయ్యా, దయచేసి ఇక్కడ చూడండి"
అని టైపు చేశాను.
'దయచేసి' తీసెయ్యమన్నాడు.
మళ్లీ గుమ్మం దాకా పోయి, వెనక్కొచ్చి,
ఉండనీలే అన్నాడు.

పదకొండో నెలలో తెరిస్తే
ఎనభై నాలుగు నిమ్మళంగా కూర్చుని ఉంది,
పుట్టిన కాడి నుంచీ అక్కడే ఉన్నట్టు.
కొట్టివేత లేదు, సంతకం లేదు.
కాగితమైతే
బ్లేడుతో గీకిన చోట పలచనయ్యేది,
ఎండకి పట్టుకుంటే తెలిసేది.
ఆఫీసులో అడిగితే
"ఎప్పుడూ సరిగ్గానే ఉందిగా" అన్నారంట.

మరి ఆ తప్పు ఎక్కడికి పోయింది?
ఎక్కడికీ పోలేదు.
నా కంప్యూటర్లో, తేదీలే పేర్లుగా,
పద్నాలుగు బొమ్మల్లో ఉంది.
అన్నన్ని బస్సు టికెట్లకి, చెప్పుల అరుగుదలకి
అదొక్కటే సాక్షి.

"చెరిపేద్దునా? చోటు పడుతుంది" అన్నాను.
ఆయన స్టూలు ముందుకి లాక్కున్నాడు.
"మొట్టమొదటిది తియ్యి."
చాలాసేపు చూశాడు, చిన్నప్పుడు కొట్టిన పంతుల్ని
బజార్లో చూసినట్టు.
"రంగులో తియ్యి. అట్టేపు గూడా ఎయ్యి,
దుమ్ము పట్టకుండా."

"తప్పుదా? ఒప్పుది తియ్యనా పెదనాయనా?"
"ఒప్పుదెందుకమ్మా,
అది చేలో ఉందిగా."

లామినేషను వేడి ఆరకముందే
చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.
ఎర్ర పెట్టె అంచు ఒకటి
చొక్కా కింద నుంచి కనబడతానే ఉంది.

అప్పటికే బల్ల మీద ఎవరిదో పాసుపుస్తకం.
"అక్కా, నా పేరులో ఒత్తు ఎగిరిపోయింది, చూడు."
నొక్కాను.